ఎర్రమల బాట

రాయలసీమ నేలలోని మిట్టపల్లాలను చక్కగా ఎరుకపరచే వాహనం సైకిలు. బనగానపల్లె నుండి అవుకు, కొలిమిగుండ్ల, జమ్మలమడుగుల మీదుగా గండికోటకు సాగే బాట ఎర్రమల కొండల సీమలోనిది. 2022లో కర్నూలు నుండి వేరుపడిన నంద్యాల జిల్లాలో మొదలై కడప జిల్లాలో ముగుస్తుంది.

2017లో భౌగోళిక గుర్తింపు పొందిన మామిడికి పేరునిచ్చిన ఊరు బనగానపల్లె. అక్కడి తోటలు దాటితే నాపరాతి గనులు ఎదురవుతాయి. శ్రీశైలం నుండి వచ్చే కృష్ణాజలాలు అవుకు జలాశయంలో చేరి, అక్కడి నుండి గండికోటకు తరలుతాయి. కొలిమిగుండ్ల సమీపంలోని బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు. యుగాల తరబడి సున్నపురాతిని కరిగించి వాటిని మలచినది నీరే. గండికోట వద్ద కొండను కోసి లోయగా మార్చినదీ పెన్నానది నీరే. ఆ ఊరి పేరులోని 'గండి' ఆ లోయనే సూచిస్తుంది.

కొండలను తొలిచిన నీరే నేడు ఈ సీమలో అపురూపం. ఎండ ముదరకముందే బయలుదేరి, ఎగువలో చెమటోడ్చి, సీసాలోని నీటిని గుక్కగుక్కగా పొదుపు చేసుకొనే యాత్రికునికి ఆ సత్యం అనుభవంలోకి వస్తుంది. ఒక్క చెట్టును కాపాడుటకు ఇచటి రైతు పడే పాటు అప్పుడే అతనికి బోధపడుతుంది. వేగంగా సాగే వాహనంలో కూర్చున్నవారికి ఈ పాఠం అందదు.