బోరుకు బ్యాటరీ వద్దు, కంచెకు తప్పదు

భూపాలపల్లి జిల్లా చెల్పూరులో నిలబడి సోలార్ బ్యాటరీ మాట ఎత్తితే ఎవరైనా నవ్వుతారు. ఎదురుగా కాకతీయ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు. ఒక యూనిట్ 500 మెగావాట్లు, ఇంకొకటి 600. దానికి తోడు 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు. అయినా ఈ కాలమ్‌కు బ్యాటరీ ప్రశ్నలే ఎక్కువ వస్తున్నాయంటే కారణం ఉంది. అడవి అంచు చెలకల దాకా కరెంటు లైను పోదు, పందులు మాత్రం పోతాయి.

ముందుగా బోరు సంగతి తేల్చేద్దాం. సోలార్ పంపుకు బ్యాటరీ పెడితే రాత్రి కూడా పారించుకోవచ్చని చెప్పే వాళ్లు ఊళ్లలోకి వస్తున్నారు. లెక్క వేసి చూడండి. 5 హెచ్‌పీ మోటరు నష్టాలతో కలిపి గంటకు సుమారు నాలుగున్నర యూనిట్లు తాగుతుంది. నాలుగు గంటలకు 18 యూనిట్లు. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలో ఉండేది 1.8 యూనిట్లు. అది పదికాలాలు ఉండాలంటే అందులో సగమే వాడుకోవాలి, అంటే 0.9. ఈ లెక్కన ఇరవై బ్యాటరీలు కావాలి. ఒక్కొక్కటి యాభై కిలోలకు తగ్గదు. టన్ను బరువు సీసం, యాసిడ్ కొట్టంలో పెట్టుకొని, ఐదారేళ్లకోసారి మార్చుకుంటూ కూర్చోవడం ఏ పంటకు గిట్టుతుంది? అందుకే పీఎం కుసుమ్ పథకం కింద ఇచ్చే సోలార్ పంపులు బ్యాటరీ లేకుండా ఎండ మీదే నేరుగా నడుస్తాయి. పగలు తోడండి, కుంటలోనో తొట్టిలోనో నింపండి, తడి మీకు వీలైనప్పుడు ఇవ్వండి. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్లను పైకి ఎత్తి, అవసరమైనప్పుడు మళ్లీ కిందికి వదిలే టర్బైన్లు పెట్టింది ఈ ఉపాయంతోనే. మన గణపసముద్రం చెరువు చేసే పనీ అదే కదా, ఒక కాలంలో వచ్చింది ఇంకో కాలానికి దాచడం. నీళ్లను దాచగలిగిన చోట కరెంటును దాచకండి.

పందుల కోసం వేసే సోలార్ కంచె దగ్గర మాత్రం ఈ ఉపాయం సాగదు. పంది వచ్చేది రాత్రి, ప్యానెల్ పనిచేసేది పగలు. మధ్యలో బ్యాటరీ ఉండాల్సిందే. మక్క కంకి పాలు పోసుకునే వేళకు, పల్లికాయ ఊరే వేళకు బ్యాటరీ చేతులెత్తేస్తే ఒక్క రాత్రిలో ఎకరం పోతుంది. అప్పుడే కొందరు స్తంభం నుంచి నేరుగా తీగ లాగుతారు. ఆ పని చేయకండి. అది నేరం, పైగా ప్రాణాల మీదికి తెచ్చేది. 2024 ఫిబ్రవరిలో మన భూపాలపల్లి జిల్లా అడవుల్లో వేటగాళ్లు పెట్టిన కరెంటు తీగ తగిలి ఒక గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ ప్రాణం పోయింది. సోలార్ కంచెకు పెట్టే ఝట్కా మిషన్ పద్ధతి వేరు. అది వేల వోల్టులే పంపినా, సెకనుకోసారి, కన్ను మూసి తెరిచే లోపల ఆగిపోయే దెబ్బ మాత్రమే కొడుతుంది. పంది బెదురుతుంది, మనిషి చేయి గుంజుకుంటాడు, ఎవరూ తీగకు అతుక్కుపోరు.

దానికి ఎంత బ్యాటరీ కావాలో మిషన్ మీదే రాసి ఉంటుంది. సగటున 0.3 ఆంపియర్లు తీసుకునేదైతే రోజంతా నడిచినా సుమారు 7 ఏహెచ్ చాలు. కానీ ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో ముసురు పట్టిందంటే మూడు రోజులు సూర్యుడు కనిపించడు. మూడు ఏడులు ఇరవై ఒకటి. బ్యాటరీని సగం కంటే కిందికి దించకూడదు కనుక 42, అంటే 40 నుంచి 45 ఏహెచ్‌ది తీసుకోవాలి. చాలామంది కొనేటప్పుడు తప్పు చేసేది ఇక్కడే. ఎండాకాలం డెమో చూసి చిన్న బ్యాటరీ కొంటారు, శ్రావణంలో మిషన్‌ను తిడతారు. ఇంకోటి, వానలకు పెరిగిన గడ్డి తీగను తాకితే ఎంత పెద్ద బ్యాటరీ పెట్టినా దెబ్బలో బలం ఉండదు. గడ్డి కోయడానికి ఏ వారంటీ రాదు.

ఇంటికో, పొలం కాడి గుడిసెకో అయితే బ్యాటరీ కంటే ముందు ఫ్యాన్ చూడండి. మామూలు ఫ్యాన్ 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల లోపు. పది గంటలు తిరిగితే మొదటిది 750 వాట్-అవర్లు, రెండోది 300. మూడు ఎల్‌ఈడీ బల్బులు కలుపుకున్నా, 150 ఏహెచ్ బ్యాటరీ మొదటి ఫ్యాన్‌తో ఒక రాత్రి గట్టెక్కిస్తుంది, రెండో దానితో దాదాపు రెండు రాత్రులు. పీఎం సూర్యఘర్ పథకం కింద ఇంటి మీద ప్యానెళ్లు పెట్టుకున్న వాళ్లకు ఒక మాట: మామూలు గ్రిడ్ ఇన్వర్టరైతే లైనులో కరెంటు పోగానే మీ సోలార్ కూడా ఆగుతుంది. అది లోపం కాదు, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటు. కరెంటు లేనప్పుడు కూడా కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు, దానితో బ్యాటరీ ఉండాలి.

కొట్టుకు పోయినప్పుడు మొదట చూడాల్సింది ఏహెచ్ పక్కన సీ10 అని ఉందా, సీ20 అని ఉందా అన్నది. సీ10 అంటే పది గంటల్లో ఖాళీ చేస్తే ఇచ్చే లెక్క, సీ20 అంటే ఇరవై గంటల్లో. నింపాదిగా తోడితే బావి ఎక్కువ నీళ్లిచ్చినట్టే బ్యాటరీ కూడా. అందువల్ల సీ20 మీద 150 అని రాసినది సీ10 మీద అంత ఉండదు. సోలార్‌కు సీ10 ట్యూబులర్ అడగండి. కారు, ట్రాక్టర్ బ్యాటరీ ఈ పనికి రాదు, అది ఒక్క క్షణం గట్టిగా తోయడానికి చేసినది. తయారైన నెల చూడండి. నేను ఒకసారి తొందరపడి తేదీ చూడకుండా తెచ్చుకున్నాను, పది నెలలు కొట్టులో పడి ఉన్న సరుకు. మొదటి వానాకాలమే దాటలేదు. 60 నెలల వారంటీ అని పెద్దక్షరాలతో ఉంటే అందులో ఉచితంగా మార్చి ఇచ్చేది ఎన్ని నెలలు, మిగతా నెలలకు తగ్గింపు మాత్రమేనా అని అడిగి, కార్డు మీద తేదీ వేయించుకోండి.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ తేలిక, నీళ్లు పోసే పని లేదు, ఎనభై శాతం దాకా వాడినా వేల సార్లు నిలుస్తుంది. ధర ఎక్కువైనా రోజూ వాడే ఇంటికి గిట్టుతుందని నా అభిప్రాయం. అయితే పాత సీసం బ్యాటరీ తీసి దాని జాగాలో అలాగే బిగించకండి. ఛార్జ్ కంట్రోలరులో లిథియం సెట్టింగు ఉండాలి.

ఇక రోహిణి కార్తె ఎండల సంగతి. 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకు సీసం బ్యాటరీ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. రేకుల కింద పెట్టిన బ్యాటరీని నీడకు, గాలి ఆడే చోటికి జరపండి. పలక దాకా నీళ్లు దిగితే డిస్టిల్డ్ వాటరే పోయండి, బోరు నీళ్లు వద్దు, యాసిడ్ అసలే వద్దు. ఛార్జింగ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది, అక్కడ బీడీ ముట్టించకండి. టెర్మినల్ మీద తెల్లటి పొక్కు కడితే వంట సోడా నీళ్లతో కడిగి వ్యాసలైన్ రాయండి. ఛార్జింగ్ స్ప్రేయర్‌ను పత్తి అయిపోయాక మూలకు పడేసి మళ్లీ వానాకాలం దాకా చూడరు చాలామంది. నెలకోసారైనా ఛార్జింగ్ పెట్టండి. పాడైన బ్యాటరీని పగలగొట్టి సీసం తీయకండి, కొత్తది కొన్న కొట్టులోనే ఇచ్చి ధర తగ్గించుకోండి.

మృగశిర రాకముందే ఒక పని చేయండి. సాయంత్రం నిండా ఛార్జ్ అయిన బ్యాటరీ మీద రాత్రంతా కంచె నడపండి. పొద్దున ప్యానెల్ వైరు తీసి, మిషన్ ఆపి, గంట ఆగి మీటరు పెట్టి చూడండి. సీసం బ్యాటరీ 12.2 వోల్టుల కంటే తక్కువ చూపిస్తే, ముసురులో దాన్ని నమ్మి నిద్రపోకండి.