సందేహాలు - సమాధానాలు: డిస్పాచర్ అంటే ఏం పని?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ చేశాడు. హైదరాబాద్‌లో ఒక కంపెనీ డిస్పాచర్ ఉద్యోగం ఇస్తానంది, రాత్రి షిఫ్టు. ‘ఎమ్మార్వో ఆఫీసులో కవర్లకు స్టాంపులంటించే పనేగా’ అంటున్నారు మా బావగారు. నిజమేనా? (ఒక తండ్రి, ఖమ్మం)

జవాబు: మీ బావగారు చెప్పేది డిస్పాచ్ గుమాస్తా సంగతి. బయటికెళ్లే కాగితానికి రిజిస్టర్లో నంబరు వేసి పంపించడం ఆయన పని. మీవాడికి వచ్చింది బహుశా అమెరికా లారీల పని. అక్కడ పగలైతే ఇక్కడ రాత్రి కదా, అందుకే ఆ షిఫ్టు. ఖాళీగా ఉన్న లారీకి లోడు వెతకాలి, బ్రోకరుతో కిరాయి బేరమాడాలి, ఎక్కడ ఎన్నింటికి సరుకు ఎత్తాలో డ్రైవరుకు చెప్పాలి.

వినడానికి ఇంతే. అసలు చిక్కు గడియారంతో వస్తుంది. అక్కడి రూలు ప్రకారం సరుకు లారీ డ్రైవరు 10 గంటలు విశ్రాంతి తీసుకున్నాక 11 గంటలకు మించి బండి నడపకూడదు. అదీ డ్యూటీ ఎక్కిన 14 గంటల్లోపే. గోడౌన్ దగ్గర సరుకు దించడానికి మూడు గంటలు ఆపేశారనుకోండి, ఆ మూడూ సాధారణంగా ఈ 14లోంచే పోతాయి. సాయంత్రం ఒప్పుకున్న లోడు అందదు. అప్పుడు బ్రోకరుకు సర్దిచెప్పి, ఆగినందుకు డబ్బులడిగి, డ్రైవరు చిరాకు కూడా భరించేది డిస్పాచరే. చదువుకన్నా నోరు, ఓర్పు ఎక్కువ కావాలి.

చేరేముందు జీతమా, కమీషనా అన్నది కాగితం మీద రాయించుకోండి. ట్రైనింగ్ పేరుతో ముందే డబ్బు కట్టమంటే మాత్రం దండం పెట్టి వచ్చేయమనండి.

ప్రశ్న: ఫ్లైట్ డిస్పాచర్ అంటే విమానంలో సామాన్లు ఎక్కించేవారా? (డిగ్రీ విద్యార్థిని, విజయవాడ)

జవాబు: కాదమ్మా. ఏ దారిన వెళ్లాలి, ఎంత ఇంధనం పోయాలి, దిగాల్సినచోట వాతావరణం బాగోకపోతే ఎక్కడ దించాలి అని లెక్కగట్టేది వీళ్లే. అమెరికా ఎయిర్‌లైన్లలో విమానం బయల్దేరాలంటే కెప్టెనూ డిస్పాచరూ ఇద్దరూ ఒప్పుకోవాలి, బాధ్యతా ఇద్దరిదీ. అక్కడ ఆ సర్టిఫికెట్‌కు 23 ఏళ్లు నిండాలి. మన దగ్గర డీజీసీఏ నిబంధనలు చూసుకోండి.

అన్నట్టు, రైళ్లకూ ఇలాంటి మనిషి ఉంటారు. మీ విజయవాడ డివిజన్ కంట్రోల్ ఆఫీసులో ఏ రైలును ఆపి దేన్ని ముందు వదలాలో చెప్పే ఆయన్ని సెక్షన్ కంట్రోలర్ అంటారు. అదే పని చేసేవారు అమెరికాలో ట్రైన్ డిస్పాచర్.