వెలుగుకు ఎదురుగా ఒక ఫొటో

పిల్లలూ! పని చేస్తున్న మనిషి ఫొటో తీయడం తేలికేనా? రంగుగాజు కిటికీలు చేసే కళాకారుణ్ణి ఉదాహరణగా తీసుకుందాం.

ముందు ఆయన పని తెలుసుకోవాలి. కిటికీ అంత పెద్ద కాగితం మీద బొమ్మ గీస్తాడు. దాని ప్రకారం రంగుగాజును ముక్కలుగా కోస్తాడు. గాజు కరిగేటప్పుడే కోబాల్టు కలిపితే నీలం, బంగారం కలిపితే ఎరుపు వస్తాయి. ముఖాలు, బట్టల మడతలు కుంచెతో దిద్ది, బట్టీలో కాలుస్తాడు. చివరికి ముక్కలన్నిటినీ సీసపు పట్టీల గాడుల్లో ఇమిడ్చి, పట్టీలు కలిసేచోట టంకం పెడతాడు.

ఇలాంటి కిటికీలు మెదక్ చర్చిలో మూడున్నాయి. కరువు రోజుల్లో చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ ఆకలిగొన్నవారికి పని కల్పిస్తూ ఆ చర్చిని కట్టించారు. 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. క్రీస్తు ఆరోహణం కిటికీ 1927లో, జననం 1947లో, సిలువ 1958లో అమర్చారు. వాటి రూపకర్త ఇంగ్లండుకు చెందిన ఫ్రాంక్ సాలిస్‌బరీ. చిన్నప్పుడు అన్నగారి రంగుగాజు కార్ఖానాలో పని నేర్చుకుని, తర్వాత మనుషుల చిత్తరువులు గీయడంలో పేరు పొందారు.

ఇక ఫొటో. గాజు రంగులు కనబడాలంటే వెలుగు దాని వెనుక నుంచి రావాలి. అప్పుడు ముందున్న మనిషి ముఖం నల్లబడుతుంది. ముఖానికి తగ్గట్టు కెమెరా సరిచేస్తే గాజు తెల్లగా వెలిసిపోతుంది. అందుకే కొంచెం పక్కకు జరిగి, ముఖం మీద ఓరగా వెలుగు పడేచోట నిలబడాలి. చేతులూ, పనిముట్లూ ఫొటోలోకి రావాలి.

అంతటితో పని పూర్తయిందా? సాలిస్‌బరీ పేరు చెప్పుకున్నాం. కరువులో అక్కడ రాళ్లు మోసిన ఒక్కరి పేరైనా చెప్పగలమా?

మా దగ్గర ఒక ఫొటో ఉంది. వెనుకటి ఊళ్లో కుర్చీలు అల్లుతున్న పెద్దాయనది. వేళ్ల మధ్య నవారు కూడా స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన పేరు మాత్రం రాసుకోలేదు. బదిలీ అయి వచ్చేశాం. అడుగుదామంటే ఇప్పుడు అక్కడ తెలిసినవాళ్లు లేరు. మీరూ ఏదో ఒక రోజు సీపత్ వదిలి వెళ్తారు.

అభ్యాసం:
1. సైకిళ్లు బాగుచేసేవారో, బట్టలు కుట్టేవారో, మీకు తెలిసిన ఒకరిని అనుమతి అడిగి, పనిలో ఉండగా ఫొటో తీయండి.
2. ఆయన పేరు, పని, ఊరు, తేదీ తెలుగులో రాయండి.
3. వాడే పనిముట్టును ఛత్తీస్‌గఢీలో ఏమంటారో అడిగి, తెలుగు అక్షరాల్లో రాయండి.
4. ఒక ప్రతి ఆయనకే ఇవ్వండి.