మూడింటి మెలకువ

బారువ

తల్లికి, పెదనాన్న దీవించి రాస్తున్నది.

నెల రోజులుగా రోజూ మూడింటికే మెలకువ వచ్చేస్తోందని, మళ్లీ తెల్లారేదాకా కన్ను మూతపడటం లేదని మీ అమ్మతో అన్నావట. ఆవిడ భయపడి నీకోసం రక్ష చేయించింది. అది నీకు అందాక కట్టుకో, ఆవిడ మనసు కుదుటపడుతుంది. ఆ పైన నా మాటా విను.

మన రేవులో పడవలవాళ్లు అలారం లేకుండా మూడింటికి లేచి వేటకు పోతారు. ఎనిమిదింటికే పడుకుంటారు గనక అప్పటికి వాళ్ల నిద్ర తీరిపోతుంది. నువ్వు పన్నెండు దాటాక గాని ఫోను పక్కన పెట్టవు. వాళ్ల మూడూ నీ మూడూ ఒకటి కావు. అందుకే గంటను వదిలేసి, నిన్ను లేపుతున్నదేమిటో చూసుకో.

నిద్ర రాత్రంతా ఒకే తీరుగా ఉండదమ్మా. సుమారు గంటన్నరకొకసారి తేలిక పడుతుంది. గాఢనిద్ర ఎక్కువగా మొదటి సగంలోనే అయిపోతుంది. తరవాత కలలూ, పలచటి నిద్రా. వేకువ దగ్గరపడేసరికి ఒంట్లో వేడి బాగా తగ్గి ఉంటుంది, మనల్ని లేపే కార్టిసాల్ మెల్లగా పెరగడం మొదలవుతుంది. ఆ వేళ అందరికీ ఒక్క క్షణం మెలకువ వస్తుంది. చాలామందికి తెల్లారి గుర్తే ఉండదు. ‘అయ్యో, మూడయిందే, రేపు ఆఫీసులో ఎలా’ అనుకున్నవాళ్లకే అది నిలిచిపోతుంది.

మెలకువ అలా నిలిచిపోవడం పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. 2018 అక్టోబరు 11, దసరా నవరాత్రులు మొదలైన మర్నాడు. తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర మధ్య తిత్లీ తుఫాను పలాస పక్కన తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. కిటికీ రెక్కకు వీపు ఆన్చి నిలబడ్డాను. తోటలో కొబ్బరిచెట్లు ఒకదాని వెనక ఒకటి కూలుతుంటే కాళ్ల కింద నేల అదిరేది. తెల్లారి చూస్తే నలభై ఏళ్ల చెట్లు వేళ్లతో సహా పడున్నాయి, జీడితోట పడుకుంది. అప్పటినుంచి ఏడాది పైగా నాకు రోజూ నాలుగింటికే మెలకువ. గాలి లేకపోయినా, ఎండిన మట్ట ఒక్కటి రాలినా గుండె దడ. ఒళ్లు ఆ వేళను నేర్చేసుకుంది. నేను గడియారం చూసిన ప్రతిసారీ దానికి మళ్లీ పాఠం చెప్పినట్టే అయ్యేది.

మీ పెద్దమ్మ ఆ గడియారాన్ని తీసి వంటింట్లో పెట్టాక కొంత తగ్గింది. నిద్ర రాదనిపిస్తే మంచం దిగి, చిన్న దీపం కాడ కూర్చునేవాణ్ని, ఆవలింత వచ్చాకే మళ్లీ పడుకునేవాణ్ని. రాత్రి పట్టకపోయినా లేచే వేళ మార్చలేదు. పొద్దు పొడవగానే కొత్త మొక్కలకు నీళ్లు పోయడానికి తోటకు పోయేవాణ్ని. పొద్దుటి వెలుగు కంట పడితే ఒంట్లోని గడియారం సర్దుకుంటుందని తరవాత తెలిసింది. మీ హైదరాబాదులో సూర్యుడు మనకంటే ఇరవై నిమిషాలకు పైనే ఆలస్యంగా వస్తాడు. వచ్చాక మేడ మీదికి వెళ్లి కాసేపు నడు. సాయంత్రం కాఫీ మానెయ్యి. ఫోను తలగడ దగ్గర పెట్టకు. మెలకువతో పాటు దిగులూ, దేని మీదా ఆశ లేకపోవడమూ వారాల తరబడి ఉంటే మాత్రం దాచుకోకు, డాక్టరుకు చెప్పు. ఇలాంటి బాధల కోసమే ఉన్న 14416 నంబరుకి ఫోను చేసినా తెలుగులోనే మాట్లాడతారు.

ఇప్పుడు అసలు సంగతి. నిన్ను లేపుతున్నది మూత్రమా? మీ తాతయ్య రాత్రికి నాలుగుసార్లు పెరట్లోకి లేచేవాడు. వయసు మీదపడిందిలే అనుకున్నాం. కాళ్లు వాచాక పరీక్ష చేయిస్తే, రక్తంలో ఒకటి చుట్టూ ఉండాల్సిన క్రియాటినిన్ ఏడు దాటింది. కిడ్నీ దెబ్బతింటే మూత్రాన్ని చిక్కబరిచే శక్తి పోతుంది, అందుకే రాత్రిళ్లు కూడా పలచగా, ఎక్కువగా వస్తుంది. తాతయ్య మూడు నెలలుగా లేస్తున్నానని చెబుతూనే ఉన్నాడు, మేం వినిపించుకోలేదు. ఆ తప్పు నాది, ఇప్పటికీ బాధే.

మనది ఉద్దానం. కవిటి, కంచిలి, మందస, సోంపేట, ఎక్కడ చూసినా ప్రతి వీధిలోనూ ఒక కిడ్నీ రోగి. కారణం నీళ్లా, ఎండలో చాకిరీయా అని ఏళ్ల తరబడి వెతుకుతూనే ఉన్నారు. అప్పట్లో తాతయ్యను విశాఖపట్నం దాకా మోసుకుపోయాం. 2023 డిసెంబరు నుంచి పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఉంది. నువ్వు పదిహేడేళ్లు ఈ నీళ్లే తాగి పెరిగావు. దూరాన ఉన్నానులే అనుకోకు. సుగరున్నా ఇలాగే లేపుతుంది, అదీ చూపించుకో.

ఈ వారంలోనే రక్తం, మూత్రం పరీక్ష చేయించు. తుఫాను తరవాత నాటిన మొక్కలు కాపుకొచ్చాయి. పండక్కి మీ నాన్న బస్సులో కాయలు పంపిస్తాడు. క్రియాటినిన్ ఎంతొచ్చిందో, రాగానే ఏ వేళయినా సరే ఫోను చేసి చెప్పు.

మీ పెదనాన్న