హార్డ్ డిస్క్ – దోష నిర్ధారణ

ఉద్దేశం: యంత్రంలో తలెత్తిన లోపానికి మూలకారణాన్ని తర్కబద్ధంగా గుర్తించే విధానాన్ని విద్యార్థులకు తెలియజేయడం.

పాఠ్యభాగం

మన పూర్వులు విజ్ఞానాన్ని తాళపత్రాలపై భద్రపరిచారు. ఆకు శిథిలం కాకముందే దానికి ప్రతి రాయించేవారు. పందొమ్మిదో శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి ఎన్నో కావ్యాలకు ప్రతులు రాయించాడు. నేడు తాళపత్రం స్థానాన్ని హార్డ్ డిస్క్ ఆక్రమించింది. అయితే శిథిలం కావడమనే ధర్మం దానినీ విడిచిపెట్టలేదు.

1956లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన తొలి హార్డ్ డిస్క్‌లో 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్ళాలు ఉండేవి. అవన్నీ కలిసి సుమారు 50 లక్షల అక్షరాలను మాత్రమే నిలుపుకొనేవి. నేటి డిస్క్ అరచేతిలో ఇముడుతుంది. అయస్కాంత పూత గల దాని పళ్ళాలు సాధారణంగా నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతాయి. సమాచారాన్ని చదివే హెడ్ వాటిని తాకకుండా, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కన్నా తక్కువ ఎత్తులో తేలుతూ ఉంటుంది. అది పళ్ళెంపై ఒరుసుకుంటే అక్కడి సమాచారం నశిస్తుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ తనకు కావలసిన ఫైళ్ళను డిస్క్ నుండే తెచ్చుకుంటుంది. అడిగినది అందకపోతే కంప్యూటర్ స్తంభించిపోతుంది. కాని మెమరీ లోపం, అధిక ఉష్ణం, విద్యుత్ సరఫరా లోపం వల్ల కూడా ఇదే లక్షణం కనిపిస్తుంది. మరి అసలు దోషిని గుర్తించడమెలా?

మన తర్కశాస్త్రం ఇందుకు మార్గం చూపుతుంది. ఒకటి ఉన్నచోట రెండోది ఉండటం అన్వయం; మొదటిది లేనిచోట రెండోది లేకపోవడం వ్యతిరేకం. ఒక కళాశాల కార్యాలయంలో కంప్యూటర్ తరచుగా ఆగిపోయేది. వైరస్ అని ఒకరు, మెమరీ అని మరొకరు అన్నారు. చివరకు డిస్క్‌ను తీసి వేరొక కంప్యూటర్‌కు అమర్చగా అదీ ఆగిపోయింది. ఇది అన్వయం. మరో డిస్క్ అమర్చగా పాత కంప్యూటర్ చక్కగా పనిచేసింది. ఇది వ్యతిరేకం. దోషం డిస్క్‌దేనని తేలింది. అయితే అప్పటికే మరమ్మతు ప్రోగ్రామ్‌ను పదేపదే నడిపినందువల్ల బలహీనమైన డిస్క్ పూర్తిగా చెడింది. విద్యార్థుల మార్కుల పట్టికలను కాగితపు రిజిస్టర్ల నుండి మళ్ళీ ఎక్కించవలసి వచ్చింది.

కాబట్టి పరీక్షకు ఒక క్రమం ఉండాలి. ముందుగా ముఖ్యమైన ఫైళ్ళకు వేరొకచోట ప్రతి తీసుకోవాలి. తరువాత కేబుల్‌ను మార్చి చూడాలి. చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. ఆపై డిస్క్ తన స్థితిని తానే నమోదు చేసుకునే 'స్మార్ట్' వివరాలను పరిశీలించాలి. అందులో చదవరాని భాగాల సంఖ్య పెరుగుతుంటే ఆ డిస్క్‌ను మార్చడమే మేలు. మరమ్మతు ప్రోగ్రామ్ వంతు ప్రతి తీసిన తరువాతే. డిస్క్ నుండి టిక్కుటిక్కుమనే శబ్దం వస్తే వెంటనే విద్యుత్తు ఆపి నిపుణులకు అప్పగించాలి, మూత విప్పరాదు.

తిరిగే పళ్ళాలు లేని ఎస్.ఎస్.డి.లు నేడు వాడుకలో ఉన్నాయి. అవి సైతం చెడిపోతాయి, అదీ చప్పుడు లేకుండానే. సాధనం మారినా ప్రతి రాసుకోవలసిన అవసరం మారలేదు.

అర్థాలు

ప్రతి = నకలు
స్తంభించు = కదలక నిలిచిపోవు
వ్యతిరేకం = (తర్కంలో) ఒకటి లేనప్పుడు రెండోదీ లేకపోవడం

ప్రశ్నలు

1. అన్వయ వ్యతిరేకాలను పాఠంలోని ఉదాహరణతో వివరించండి.
2. మరమ్మతుకు ముందే ప్రతి తీసుకోవాలని రచయిత ఎందుకన్నారు?