కాలువ గట్టు వెంట నెమ్మదిగా సైకిల్ ప్రయాణం

ఈ పాఠం ఎవరికోసం: షుగరు, బి.పి., మోకాళ్ల నొప్పులు ఉన్నవారికి, గుండెపోటు నుంచి కోలుకున్నవారికి, వారి కుటుంబ సభ్యులకు.

"స్టెంటు వేశారు కదా, ఇక సైకిల్ జోలికి పోకూడదేమో!" "మోకాళ్లు నొప్పులు, నడవలేను, మరి వ్యాయామం ఎలా?" ఇలాంటి సందేహాలతో చాలామంది ఇంట్లోనే కూర్చుండిపోతారు. కానీ కదలకుండా కూర్చుంటే బరువు, షుగరు పెరుగుతాయి, గుండె సత్తువ తగ్గుతుంది. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలు చెబుతున్నాయి. సమతలమైన దారిలో నెమ్మదిగా సైకిల్ తొక్కడం అలాంటి వ్యాయామమే. డాక్టరు అనుమతితో, తగిన జాగ్రత్తలతో చాలామంది రోగులు దీన్ని చేయగలరు.

సమతలమైన దారి ఎందుకు?

పంజాగుట్ట పేరులోనే గుట్ట ఉంది. మన హైదరాబాదు రోడ్లన్నీ ఎత్తుపల్లాలే. ఎత్తు ఎక్కేటప్పుడు మనకు ఇష్టమున్నా లేకపోయినా గుండె ఒక్కసారిగా ఎక్కువ పని చేయవలసి వస్తుంది. మోకాలి చిప్ప మీద ఒత్తిడి కూడా పెరుగుతుంది. సమతలంలో అలా కాదు. ఎంత శ్రమ పడాలో మనమే నిర్ణయించుకోవచ్చు. శరీర బరువులో ఎక్కువ భాగాన్ని సీటు మోస్తుంది కాబట్టి నడకలో కంటే మోకాళ్లకు భారం తక్కువ.

గంటకు 10 నుంచి 12 కిలోమీటర్ల వేగం చాలు. పరీక్ష సులువు. తొక్కుతూ పక్కవారితో మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి. మాట తడబడుతుంటే వేగం తగ్గించండి. అటెనలాల్, మెటోప్రొలాల్ వంటి మాత్రలు వాడేవారికి నాడి పెద్దగా పెరగదు. కనుక వారు నాడి లెక్కను నమ్ముకోకుండా ఈ మాటల పరీక్షనే పాటించాలి.

గోదావరి డెల్టా: మనకు దగ్గరలోని చదును నేల

నెదర్లాండ్స్ దేశంలో జనాభా కంటే సైకిళ్లే ఎక్కువ. అక్కడి నేల చదునుగా ఉండడం అందుకు ఒక కారణం. ఫ్రాన్సులో 1681లో ప్రారంభమైన మిది కాలువ గట్ల మీద నేడు ఎందరో సెలవుల్లో సైకిల్ యాత్రలు చేస్తారు. అలాంటి నేల మనకూ ఉంది. రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి అక్కడ ఉంటాం.

సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అక్కడి నుంచి తవ్విన కాలువలు పొలాలకు నీరివ్వడానికే కాదు, పడవలు నడపడానికి కూడా. పడవలు తిరగాలంటే నీరు నెమ్మదిగా పారాలి. అందుకే వాలు చాలా తక్కువగా ఉంచి, మట్టం మారే చోట లాకులు కట్టారు. మనుషులు గట్టు మీద నడుస్తూ తాళ్లతో పడవలు లాగేవారు. అప్పుడు పడవకు పనికొచ్చిన ఆ చదునే ఇప్పుడు సైకిల్‌కు పనికొస్తుంది.

రాజమండ్రిని ఆనుకుని ఉన్న ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక చేరితే, అక్కడి నుంచి మధ్య డెల్టా కాలువ వెంట ఆత్రేయపురం, లొల్ల లాకుల వైపు దారి ఉంది. ఒక పక్క కాలువ, మరో పక్క కొబ్బరి తోటలు, వరి చేలు. అక్కడ బంధువులున్న కుటుంబాలు క్రిస్మస్, సంక్రాంతి సెలవులకు వెళ్లినప్పుడు వారి ఇంట్లోని మామూలు సైకిలే తీసుకోవచ్చు. చదును నేల మీద గేర్లతో పని లేదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. వేసవిలో ఎండ ప్రమాదకరం. పైగా ఆ రోజుల్లో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు.

ముందుగా ఆరు వారాల సాధన

1. మొదట డాక్టరును కలవండి. గుండెపోటు వచ్చినవారు, స్టెంటు లేదా బైపాస్ అయినవారు ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. విశ్రాంతిలో కూడా ఛాతీ నొప్పి వచ్చేవారు, బి.పి. అదుపులో లేనివారు, కళ్లు తిరిగేవారు, పాదం మీద పుండు ఉన్నవారు, షుగరు వల్ల కంటిలో రక్తస్రావం అయినవారు అనుమతి లేకుండా తొక్కవద్దు.

2. మొదటి రెండు వారాలు రోజుకు 10 నిమిషాలు, తరువాతి రెండు వారాలు 20 నిమిషాలు, చివరి రెండు వారాలు 30 నిమిషాలు. వారానికి అయిదు రోజులు చాలు. అమీర్‌పేట, పంజాగుట్టవాసులు రద్దీ మొదలుకాక ముందే తెల్లవారుజామున నెక్లెస్ రోడ్డుకు, అంటే ఇప్పటి పి.వి. మార్గ్‌కు వెళ్లవచ్చు. హుస్సేన్‌సాగర్ ఒడ్డు కాబట్టి అక్కడ ఎత్తుపల్లాలు తక్కువ.

3. సీటు ఎత్తు సరిచూసుకోండి. సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద పెట్టండి. పెడల్ బాగా కిందికి వచ్చినప్పుడు కాలు తిన్నగా ఉండాలి. తొక్కేటప్పుడు మునివేళ్ల వెనుక భాగం పెడల్ మీద ఉంచితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి నొప్పి పెరుగుతుంది.

4. చీర కొంగు, చున్నీ గొలుసులో పడకుండా బిగించుకోండి. హెల్మెట్ పెట్టుకోండి. షుగరు ఉన్నవారు చెప్పులతో కాకుండా మేజోళ్లు, బూట్లతో తొక్కాలి. ఇంటికి రాగానే పాదాలు పరీక్షించుకోవాలి.

షుగరు ఉన్నవారికి ముఖ్య విషయం

ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారికి వ్యాయామంలో షుగరు పడిపోవచ్చు. బయలుదేరే ముందు పరీక్ష చేసుకోండి. 90 కంటే తక్కువ ఉంటే కొంచెం తిని బయలుదేరండి. తొడకు ఇన్సులిన్ వేసుకుని వెంటనే సైకిల్ ఎక్కకండి.

వణుకు, చెమటలు, ఆకలి, తికమక కనిపిస్తే వెంటనే ఆగండి. మూడు చెంచాల పంచదార లేదా గ్లూకోజు నీటిలో కలిపి తాగండి. 15 నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించుకోండి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. ఎక్కువ దూరం తొక్కిన రోజు రాత్రి కూడా షుగరు పడిపోవచ్చు. పడుకునే ముందు మరోసారి చూసుకోవడం మంచిది.

ఆత్రేయపురం పూతరేకులకు పేరు. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. "షుగరు పడిపోతే పూతరేకు తింటాలే" అనుకోవద్దు. అందులోని నెయ్యి వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. అత్యవసరానికి గ్లూకోజే మేలు.

కొబ్బరి బొండాం విషయంలోనూ జాగ్రత్త. అందులో పొటాషియం ఎక్కువ. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, కొన్ని రకాల బి.పి. మాత్రలు వాడేవారు డాక్టరును అడగకుండా తాగవద్దు. కాలువ నీరు ఎవరూ తాగవద్దు.

దారిలో

అరగంటకు ఒకసారి దిగి నీడలో కూర్చోండి. ఉదయం పది లోపే ప్రయాణం ముగించండి. ఒంటరిగా వెళ్లకండి. గట్టు రోడ్లు ఇరుకు, చాలా చోట్ల కాలువ వైపు గోడ ఉండదు, వాహనాలూ తిరుగుతాయి. మంచు పట్టిన వేళ, చీకట్లో తొక్కవద్దు. లోతు తెలియని కాలువలో పిల్లలను దిగనివ్వవద్దు. చదును నేల మీద ఎదురుగాలే మనకు ఎత్తు. గాలి ఎక్కువైతే దిగి నడవండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఛాతీలో బరువు, దవడకు గాని ఎడమ చేతికి గాని పాకే నొప్పి, విపరీతమైన ఆయాసం వస్తే "గ్యాస్ నొప్పి" అనుకుని ముందుకు సాగవద్దు. ఆగి, కూర్చుని, 108కి ఫోన్ చేయించండి.

ఇంటిల్లిపాదీ కలిసి చర్చించండి

1. మన ఇంట్లో సైకిల్ తొక్కే ముందు డాక్టరు సలహా తప్పనిసరిగా తీసుకోవలసినవారు ఎవరు?
2. షుగరు పడిపోయిన లక్షణాలు ఏమిటి? అప్పుడు ఏమి ఇవ్వాలి?
3. మాటల పరీక్ష అంటే ఏమిటి?
4. ఈ వారం 10 నిమిషాలు తొక్కడానికి ఏ వేళ, ఏ దారి మనకు అనువు?

ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసుకుని, ఈసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు మీ డాక్టరుకు చూపించండి. ఎంత దూరం, ఎంత సేపు తొక్కవచ్చో మీ ఒంటి స్థితిని బట్టి వారు చెబుతారు.