నకలు పటముతో పొలము కొలత



మన గ్రామ పటములు పెక్కు 16 అంగుళములకు 1 మైలు స్కేలున గీయబడినవి. అనగా పటములో 1 అంగుళము పొలములో 330 అడుగులు. అయితే జిరాక్సు తీయించినపుడు పటము తగ్గవచ్చును, పెరగవచ్చును. ఆకారము మారదు, మూలలు మారవు. గీతలన్నియు ఒకే పాళ్ళలో మారును. దానిపై వ్రాసిన స్కేలు మాత్రము అట్లే యుండును. మోసమంతయు ఇచ్చటనే.

కనుక స్కేలును మీరే కనుగొనవలెను. పొడవైన గట్టు నొకదానిని టేపుతో కొలిచి, అదే గట్టును పటములో బద్దతో కొలవవలెను. గట్టు 660 అడుగులు, గీత 1 అంగుళము వచ్చినదనుకొనుడు. అప్పుడు అంగుళమునకు 660 అడుగులు. నకలు అసలులో సగమైనదన్నమాట. రెండవ గట్టు 330 అడుగులైనచో గీత అర అంగుళముండవలెను. లేనిచో కొలతలు మరల చూడవలెను.

ఇక విస్తీర్ణము. నలుమూలలు సరియైన ఆ చేను 660 × 330 = 2,17,800 చదరపు అడుగులు. ఎకరమునకు 43,560 చదరపు అడుగులు గనుక 5 ఎకరములు. పాత స్కేలు నమ్మినచో 330 × 165 = 54,450 చదరపు అడుగులు, అనగా ఎకరంపావు మాత్రమే! పొడవు సగమైన విస్తీర్ణము నాల్గవ వంతగును. ఆ లెక్కతో కొన్న విత్తనము, ఎరువు నాల్గవ వంతు చేనికే చాలును.

ఈ పద్ధతి సాగు అంచనాలకు మాత్రమే. హద్దు తగాదా యున్నచో సర్వేయరుచే కొలిపించుకొనవలెను.